చీకటిగా ఉందని దేవుడితో చెప్పొచ్చు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయనది కంచిలి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక ఇక్కడే మిషను పెట్టుకుని బట్టలు కుడుతున్నారు. రెండేళ్ళ కిందట ఆయనకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. వాళ్ళ అన్నయ్య ఇదే జబ్బుతో పోయారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు పాతపట్నం మీదుగా ఆంధ్రాలోని టెక్కలి తీసుకెళ్ళి, డబ్బు కట్టి డయాలసిస్ చేయిస్తున్నాను. అత్తవారి వైపు వాళ్ళు ‘ఇంటి దేవతని వదిలేసి ఏసుని నమ్ముకున్నారు, అందుకే ఇలా అయింది’ అంటారు. శుక్రవారం ప్రార్థన కూటానికి వచ్చే ఒక పెద్దాయన ‘మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఉంది, మీవారికి విశ్వాసం చాలడం లేదు, డయాలసిస్ మానేసి 21 రోజులు ఉపవాసం ఉండండి, దేవుడు కొత్త కిడ్నీలు ఇస్తాడు’ అంటున్నారు. మా ఆయనకి అదే మంచిదనిపిస్తోంది. తొమ్మిదో తరగతి చదివే మా పాప మందిరానికి రావడం మానేసింది. ‘నాన్నని బాగుచేయని దేవుడికి పాటలెందుకు’ అంటోంది. ఆదివారం అందరూ లేచి దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్తుంటే నేను తల దించుకుని కూర్చుంటున్నాను. క్రిస్మస్ దగ్గరపడింది, ఇంటికి స్టార్ కట్టబుద్ధి కావడం లేదు. ఒక్కోరోజు పడుకున్నదాన్ని తెల్లారి లేవకపోతే బాగుండు అనిపిస్తోంది. అందరూ వెలుగు, వెలుగు అంటారు. నాకెందుకు కనబడటం లేదు? (పేరు రాయవద్దన్నారు.)

సమాధానం: చెల్లీ, వందనాలు. మీరడిగిన ప్రశ్న ఉత్తరం చివర్లో ఉంది. నేను మాత్రం మధ్యలో ఉన్న మాట దగ్గరే ఆగిపోయాను. డయాలసిస్ మానిపించకండి. ఒక్కసారి కూడా మానిపించకండి. ఇది అచ్చయ్యేదాకా ఆగలేక ఈ ఒక్క సంగతీ మీకు విడిగా కూడా రాశాను.

నేను బరంపురంలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. డయాలసిస్ మానేసినవాళ్ళకి ఏమవుతుందో మంచం పక్కన నిలబడి చూశాను. ఒంట్లో చేరిన నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. కాళ్ళు వాస్తాయి, ముఖం ఉబ్బుతుంది, ఆ తర్వాత నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మనిషి పడుకోలేడు, దిండ్లకి ఆనుకుని కూర్చునే తెల్లవారేదాకా ఎగశ్వాస పీలుస్తాడు. అంతకంటే ప్రమాదం పొటాషియం. అది రక్తంలో పెరిగిపోతే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. ఉపవాసం ఉంటే అది తగ్గుతుందనుకుంటారు, తగ్గదు. తిండి లేక ఒంట్లో కండ కరిగేకొద్దీ పొటాషియం ఇంకా పెరుగుతుంది. ఇక ఉపవాసం విరమించేటప్పుడు మన వైపు ముందుగా చేతికిచ్చేది కొబ్బరినీళ్ళు, లేకపోతే అరటిపండు. పొటాషియం ఎక్కువగా ఉండే ఆ రెండూ కిడ్నీలు పనిచేయని మనిషికి పనికిరావు. ఆ పెద్దాయన మీ చెడు కోరి చెప్పారని నేననను. ఆయనకి ఇవేవీ తెలియవు. తెలియని సంగతిలో దేవుడి పేరు పెట్టి గట్టిగా చెప్పడం మాత్రం తప్పే. ఆ తప్పుకి మూల్యం మీ ఇల్లు కట్టకూడదు.

‘డాక్టరు దగ్గరికి వెళ్తే దేవుణ్ణి నమ్మనట్టే కదా’ అని మీవారు అంటారేమో. బైబిల్లో హిజ్కియా రాజు సంగతి ఆయనకి చదివి వినిపించండి. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం. రాజుకి మరణకరమైన రోగం వచ్చింది. గోడవైపు ముఖం తిప్పుకుని ఏడ్చాడు. దేవుడు ఆయన కన్నీళ్ళు చూసి, నీకు ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తున్నానని ప్రవక్తతో కబురు పంపాడు. ప్రార్థనకి జవాబు వచ్చేసింది, వాగ్దానం కూడా అయిపోయింది. అయినా యెషయా అక్కడితో వదిలెయ్యలేదు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. మందు వాడమన్నది ప్రవక్తే. మీవారి విషయంలో ఆ ముద్ద పని డయాలసిస్ మిషను చేస్తోంది. ఆసుపత్రిలో నాలుగు గంటలు ఆ కుర్చీలో కూర్చోవడం అవిశ్వాసం అని బైబిల్లో ఏ పేజీలోనూ లేదు.

రోగికి నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలో ఉంది కదా అంటే, ఉంది. సంఘ పెద్దల్ని పిలిపించి తప్పకుండా చేయించండి. ఆ వాక్యంలో కూడా మందులు మానేయమన్న మాట లేదు.

ఇంకో సంగతి. మీవారికి ఆ పెద్దాయన సలహా నచ్చడానికి విశ్వాసం ఒక్కటే కారణమని నాకనిపించడం లేదు. డయాలసిస్ చేయించుకునే మనిషి అలసట బయటివాళ్ళకి అర్థం కాదు. మిషను మీద ఉండగానే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి కేక పెడతారు, ఇంటికొచ్చాక ఆ పూటంతా మంచానికి అతుక్కుపోతారు. దాహం ఇంకో నరకం. గొంతు ఎండిపోతున్నా గ్లాసు నీళ్ళు తాగడానికి లేదు. (చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టుకోమనండి, గుక్కెడు నీళ్ళకంటే ఎక్కువసేపు ఓదార్పు ఉంటుంది. దాన్ని కూడా ఆ రోజు నీళ్ళ లెక్కలోనే వేయండి.) పైగా ఖర్చంతా పెళ్ళాం మీద పడుతోందని లోపల్లోపల కుమిలిపోయే మగవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళు నోరు తెరిచి ‘ఇక నా వల్ల కాదు’ అనలేరు. ఎవరైనా దేవుడి పేరుతో ఆపేయమంటే అది వాళ్ళకి బయటపడే దారిలా కనిపిస్తుంది. అందుకని ఆయనతో వాదనకి దిగకండి. పాప నిద్రపోయాక పక్కన కూర్చుని, ‘బాగా అలసిపోయారా?’ అని అడగండి. జవాబు ఏదొచ్చినా ఏడవనివ్వండి. డయాలసిస్ గురించి మాట్లాడటం ఆ తర్వాత.

ఇప్పుడు పాపం మాట. మీ అత్తవారి వైపు బంధువులు ఒక కారణం చెప్పారు, కూటంలో ఇంకో కారణం చెప్పారు. రెండింటికీ మూలం ఒకటే: కష్టం వచ్చిందంటే ఎవరో ఏదో చేసే ఉంటారని. యేసు దగ్గరికి కూడా ఈ ప్రశ్నే వచ్చింది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డి మనిషిని చూపించి, ఎవరు పాపం చేశారు, ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులే అడిగారు. ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదు అన్నాడాయన. తర్వాత నేల మీద ఉమ్మి బురద చేసి ఆ మనిషి కళ్ళకి పూశాడు. నేరం ఎవరిదో తేల్చడానికి ఆయన ఆగలేదు, చెయ్యి వేసి సాయం చేశాడు.

మీ అత్తవారి ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు ఈ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. షుగరు లేనివాళ్ళకీ వచ్చింది. గుడికి వెళ్ళేవాళ్ళకి వచ్చింది, మందిరానికి వెళ్ళేవాళ్ళకి వచ్చింది, జీడితోటలో కూలికి వెళ్ళినవాళ్ళకి వచ్చింది, తోట సొంతదారుకీ వచ్చింది. నీళ్ళు, మట్టి, ఎండలో పని, పురుగుమందులు అని పరిశోధకులు ఎన్నో కోణాల్లో వెతికారు, ఇదే కారణమని ఇంకా తేల్చలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చింది. అంత పెద్ద విపత్తుని మీ ఇంట్లో దాచిన పాపంగా చెప్పడం ఆ ఊళ్ళన్నిటికీ అన్యాయం. మీ బావగారు అదే జబ్బుతో పోవడం కూడా శాపం కాదు. ఇద్దరూ ఒకే ఊళ్ళో, ఒకే నీళ్ళు తాగి పెరిగారు.

‘విశ్వాసం చాలడం లేదు’ అన్న మాట ఇంకా క్రూరమైంది, ఎందుకంటే మంచం మీద ఉన్న మనిషి దానికి ఎదురు చెప్పలేడు. మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకొచ్చారు. జనం కిక్కిరిసి లోపలికి పోనివ్వకపోతే పైకప్పు విప్పి మంచాన్ని కిందికి దించారు. యేసు వాళ్ళ విశ్వాసాన్ని చూశాడని అక్కడ రాసి ఉంది. మంచం మీద ఉన్నవాడికి ఎంత విశ్వాసం ఉందో ఆ కథలో ఎవరూ కొలవలేదు. మీవారు అలసిపోయి ప్రార్థన చేయలేకపోతే ఆయన బదులు నమ్మాల్సింది సంఘమే. కాబట్టి ఈసారి ‘ప్రార్థన చేయండి’ అని మాత్రం అడిగి ఊరుకోకండి. మీ పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి పనులు పేరు పెట్టి అడగండి. డయాలసిస్ రోజున టెక్కలి దాకా బండి మీద దింపేవాళ్ళు ఒకరు కావాలి. ఆ మధ్యాహ్నం షాపులో కూర్చుని బట్టలు తీసుకునేవాళ్ళు ఒకరు కావాలి. పాపకి ఆ పూట అన్నం పెట్టేవాళ్ళు కావాలి. ఇలా అడిగితే సంఘంలో చాలామంది లేస్తారు. ఏం చేయాలో తెలియకే చాలామంది ‘ప్రార్థిస్తాం’ అనేసి వెళ్ళిపోతారు. అదే కూటంలో మీ మంచం మోసే నలుగురూ ఉన్నారని నా గట్టి నమ్మకం.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. ఆసుపత్రి ఖర్చు భరించే కేంద్ర ప్రభుత్వ పథకం ఆయుష్మాన్ భారత్ ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. ఆ పథకంలో చేరిన ఆసుపత్రి అయితే వేరే రాష్ట్రంలో ఉన్నా కార్డు చెల్లాలన్నది నిబంధన. మీ దగ్గర కార్డు ఉంటే టెక్కలిలో ఆయుష్మాన్ డెస్కు ఎక్కడుందో అడిగి చూపించండి. లేకపోతే పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో కార్డు చేయించుకోండి. పేద కుటుంబాలకి జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా డయాలసిస్ చేసే జాతీయ కార్యక్రమం 2016 నుంచి ఉంది. దాని గురించి కూడా అక్కడే అడగండి. బోర్డర్ దాటక్కర్లేకుండా పని జరిగితే మీకు వారంలో రెండు రోజులు మిగులుతాయి.

ఇక మీరు అసలు అడిగింది. సాక్ష్యాలప్పుడు తల దించుకుంటున్నానన్నారు. మన సంఘాల్లో సాక్ష్యం అంటే జబ్బు నయమవడం, ఉద్యోగం రావడం, అప్పు తీరడం అన్నట్టు అయిపోయింది. అవి చెప్పుకోవద్దని కాదు. కానీ నయం కానివాళ్ళకి లేచి నిలబడే చోటు లేకుండా పోయింది, ఇది నన్ను చాలా కాలంగా బాధపెడుతున్న విషయం. బైబిలే ఆ చోటు ఇచ్చింది. 88వ కీర్తన చదవండి. మొర పెట్టే మిగతా కీర్తనలు చాలావరకు చివరికి వచ్చేసరికి స్తుతిలోకి మళ్ళుతాయి. ఇది మళ్ళదు. రాత్రీ పగలూ మొర పెడుతున్నాను, నా ముఖం చూడవేం అని అడిగి అడిగి, ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న మాటతో ఆగిపోతుంది. ఓదార్పు లేదు, జవాబు లేదు. ఆ కీర్తనని తీసి పారేయకుండా, చివర్లో ఒక ‘హల్లెలూయ’ అతికించకుండా, భక్తులు అలాగే దాచి మన చేతిలో పెట్టారు. ఎందుకంటే ఆ చీకటిలోంచి కూడా ఆ మనిషి మాట్లాడుతున్నది దేవుడితోనే. మొదటి మాటలోనే ఆయన్ని తన రక్షణకర్త అని పిలిచాడు. వెలుగు కనబడటం లేదని మీరు నాకు రాశారు. అదే మాట దేవుడికి చెప్పండి. మర్యాదగా చెప్పక్కర్లేదు, మంచి మాటలు వెతుక్కోనక్కర్లేదు.

మన విశ్వాసానికి నడిమధ్యన ఉన్నది సిలువ. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మూడు గంటల దాకా దేశమంతా చీకటి కమ్మిందని మత్తయి రాశాడు. ఆ చీకట్లో యేసు అడిగిన ప్రశ్న ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?’ పైనుంచి ఎవరూ ఆయనకి జవాబివ్వలేదు. మీ ‘ఎందుకు’ని మీకంటే ముందు ఆయన అడిగి ఉన్నాడు. కాబట్టి ఆ ప్రశ్న అడిగినందుకు మీరు దేవుడికి దూరమైపోలేదు. నేను నమ్మే వెలుగు ఇదే: చీకటి ఉండగానే, అందులోకే దిగి వచ్చి మనతో కూర్చున్న ఆయన. ఆయన తిరిగి లేచాడు, ఆదివారం ఉదయం ఆయన సమాధి ఖాళీ అయింది. అయితే ఆయన్ని సిలువ వేసిన శుక్రవారం సాయంత్రం, శనివారం రోజంతా శిష్యులకి ఆ సంగతి తెలియదు. మీరిప్పుడు ఆ శనివారంలో ఉన్నారు. శనివారాన్ని ఆదివారం అని నటించమని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు.

మీకు ధైర్యం ఉంటే ఒక ఆదివారం లేచి, ‘ఇంకా నయం కాలేదు, నాకు చాలా కష్టంగా ఉంది, అయినా ఇక్కడికి వచ్చాను’ అని మాత్రం చెప్పి కూర్చోండి. మీలా తల దించుకున్నవాళ్ళు ఆ మందిరంలో ఇంకా ఉంటారు.

పాప మాటకి కోప్పడకండి. అది నాన్న మీద ప్రేమ మాట్లాడిస్తున్న మాట. మీ ఉత్తరం వెనక పేజీలో ఒక సంగతి రాశారు: ఒడియా మీడియం కావడంతో తనకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, మందిరంలో పాటల పుస్తకం తెరిచి ఊరికే పెదవులు కదుపుతుంది అని. పాప దూరమవడానికి నాన్న జబ్బు ఒక కారణమైతే ఇది రెండోది. మన సరిహద్దు ఊళ్ళలో పిల్లలు చాలామంది ఇలాగే తెలుగు ఆరాధనలో పరాయివాళ్ళయిపోతున్నారు. ఒడియా బైబిల్ ఒకటి ఇప్పించండి. 13వ కీర్తన ఆరు వచనాలే, అది చూపించండి. ‘ఎన్నాళ్ళు నన్ను మర్చిపోతావు’ అని దేవుణ్ణి నిలదీయడంతోనే అది మొదలవుతుంది. తను అడుగుతున్నది బైబిల్లో ఉందని తెలిస్తే చాలు, మీరు ఉపదేశం చేయకండి. మందిరానికి రమ్మని లాక్కెళ్ళొద్దు. తోమా అనే శిష్యుడు, తిరిగి లేచిన యేసుని నేను చూస్తే గానీ నమ్మనన్నప్పుడు మిగతా శిష్యులు అతన్ని బయటికి పంపలేదు. ఎనిమిది రోజుల తర్వాత కూడా అతను వాళ్ళ మధ్యే ఉన్నాడు, యేసు అక్కడికే వచ్చాడు. స్టార్ కట్టే విషయం కూడా పాపనే అడగండి. తను కడదామంటే కట్టండి. వద్దంటే ఈ ఏడాదికి వదిలేయండి. తొలి క్రిస్మస్ కథలోనే బేత్లెహేములో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల ఏడుపు ఉంది, మీ ఇంట్లో దుఃఖం ఆ పండక్కి అంటు కాదు.

తెల్లారి లేవకపోతే బాగుండు అన్నారే, ఆ మాటని నేను తేలిగ్గా దాటిపోను. ఏలీయా ప్రవక్త కూడా చెట్టు కింద పడుకుని, చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత తట్టి లేపించి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. మాట్లాడటం ఆ తర్వాతే. మీరు సరిగా తిని, సరిగా నిద్రపోయి ఎన్నాళ్ళయింది? మీ అమ్మగారినో చెల్లెలినో ఒక వారం ఇంట్లో ఉండమనండి. ఆ ఆలోచన మళ్ళీ వస్తే, లేక చనిపోవాలన్న దాకా పోతే, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఇంట్లో ఎవరికైనా చెప్పి 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. అలా ఫోన్ చేయడం విశ్వాసం లేకపోవడం కాదు, అంజూరపు ముద్ద మీక్కూడా కావాలి.

శుక్రవారం కూటానికి మీవారిని ఒంటరిగా పంపకండి. ఆ పెద్దాయన మళ్ళీ ఎత్తితే, ‘మా కోసం ప్రార్థించండి అయ్యా, డయాలసిస్ మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే జరుగుతుంది’ అని ఒక్క మాట అనండి, అంతకు మించి వాదించొద్దు. ముందే మీ అయ్యగారికి ఈ సంగతంతా చెప్పి ఆయన్ని మీ పక్కన కూర్చోమనండి.

ఈసారి టెక్కలి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరుగారిని అడిగి రావలసినవి కొన్ని ఉన్నాయి: ఆయన పొటాషియం ఇప్పుడు ఎంత ఉంది, నీళ్ళు తీసేశాక ఉండాల్సిన బరువు ఎంత, వారానికి రెండుసార్లు చాలుతుందా, మూడు కావాలా, కిడ్నీ మార్పిడికి పేరు రాయించుకునే వీలుందా. అవన్నీ ఒక కాగితం మీద రాయించుకుని నాకు పంపండి. తర్వాత ఏం చేయాలో కలిసి చూద్దాం.